కంఠతా పట్టిన చేతులు

పాఠకుల ప్రశ్నలకు జవాబులు: పియానో

ప్రశ్న: మేడమ్‌గారూ, నా వయసు 36. టీచర్ లేకుండా, పుస్తకాలు ముందు పెట్టుకుని మూడేళ్లుగా క్లాసికల్ పియానో నేర్చుకుంటున్నాను. బాఖ్ ఇన్వెన్షన్ ఒకటి, షూమన్ 'ఆల్బమ్ ఫర్ ది యంగ్'లో నాలుగైదు, క్లెమెంటి సొనాటినా ఒకటి వాయించగలను. విన్నవాళ్లు బాగుందనే అంటారు. కానీ కొత్త పేజీ తెరిచానంటే మళ్లీ ఓనమాలే. గీతలు లెక్కపెట్టుకుంటూ ఒక్కో స్వరం వెతుక్కుంటే పేజీకి రెండు వారాలు పడుతుంది. అది పూర్తయ్యేసరికి కంఠతా వచ్చేస్తుంది, ఇక కాగితం వంక చూడను. సైట్ రీడింగ్ (ముందు చూడని పేజీని చూస్తూనే వాయించడం) పుస్తకం కూడా కొన్నాను. ఒక్కో పాఠం తప్పుల్లేకుండా వచ్చేవరకు పదిసార్లు వాయిస్తున్నాను. అయినా రీడింగ్ మెరుగుపడటం లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. "తప్పుల్లేకుండా వచ్చేవరకు పదిసార్లు" అన్నారు చూశారా, సరిగ్గా అక్కడే. మొదటిసారి వాయించినప్పుడు మీరు చదివారు. రెండోసారి సగం చదివి సగం గుర్తుతెచ్చుకున్నారు. మూడోసారి నుంచి కాగితం ఊరికే ఎదురుగా ఉంది, అంతే. మిగతాదంతా అప్పజెప్పడం. పేజీకి రెండు వారాల చొప్పున ఏడాదికి పాతిక పేజీలు, మూడేళ్లకు డెబ్బై ఐదు. డెబ్బై ఐదు పేజీలు చదివితే ఏ భాషైనా గడగడా చదవడం వస్తుందా?

మీకు జ్ఞాపకశక్తి మెండు. ఈ ఒక్క విషయంలో అదే మీకు అడ్డం పడుతోంది. ఎలా తెలుసంటే, నాదీ అదే జబ్బు.

నేను పియానో ముందు మొదటిసారి కూర్చున్నది ఇరవై ఏడో ఏట. మొదట్లో నాకూ టీచర్ లేరు. ఆరేళ్లు తిరిగేసరికి పెద్దపెద్దవే వాయించేదాన్ని, అన్నీ కాగితం లేకుండానే. కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఒకరోజు తెలిసినవాళ్ల కోయిర్ రిహార్సల్‌కు వెళ్లాను. వాళ్ల పియానిస్టు రాలేదు. "మీరు బాగా వాయిస్తారటగా, కాస్త కూర్చోండి" అని మాస్టారు ఒక కాగితం తెచ్చి స్టాండ్ మీద పెట్టారు. నాలుగు గొంతుల పాట, రెండు ఫ్లాట్లు (స్వరాన్ని కాస్త దించే గుర్తులు), పదహారంటే పదహారే బార్లు (నిలువు గీతల మధ్య ఉండే తాళం గళ్లు). రెండో బార్‌లో ఎడమచేతి వేలు తప్పు మెట్టు (పియానో కీ) మీద పడింది. ఆగి సరిచేసుకున్నాను. తలెత్తి చూసేసరికి పాడేవాళ్లందరూ నాలుగో బార్‌లో ఉన్నారు. పరుగెత్తి అందుకోబోయి మళ్లీ తప్పాను, మళ్లీ ఆగాను. చివరికి మాస్టారే నా పక్కన నిలబడి, ఎడమచేత్తో బేస్ వరుస ఒక్కటే వాయిస్తూ, కుడిచేత్తో వాళ్లను నడిపిస్తూ పాట ముగించారు. తర్వాత కాగితం తీసుకుంటూ నెమ్మదిగా అన్నారు: "స్వరాలు రాకపోవడం కాదండీ, మీకు ఆగడం బాగా అలవాటైంది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఆయన రోగం పేరు కూడా చెప్పేశారు. సాధన అంటేనే ఆగడం. తప్పిన చోట ఆగి, వెనక్కి వెళ్లి, వేళ్లు మార్చి, మళ్లీ పట్టుకోవడం. చదవడం అంటే ఆగకుండా పోవడం. రెండూ ఒకే పియానో మీద చేస్తాం కాబట్టి ఒకటే అనుకుంటాం. మీ రోజువారీ సాధనలో ఒక పదిహేను నిమిషాలు విడిగా తీసి పక్కన పెట్టండి, సాధన మొదట్లోనే, వేళ్లూ కళ్లూ అలసిపోక ముందే. ఆ పదిహేను నిమిషాల్లో ఏ పేజీనీ రెండుసార్లకు మించి వాయించకూడదు. తప్పులున్నా సరే, పేజీ తిప్పేయాలి. మీలాంటివాళ్లకు ఇది ఒళ్లు మండే పని. నాకైతే మొదటి వారం ఎంగిలి చేసి వదిలేసినట్టు అనిపించేది.

ఇలా వాయించాలంటే పేజీలు చాలా కావాలి, అవి చాలా తేలికగా ఉండాలి. తేలిక అంటే మీ స్థాయికి ఒక మెట్టు కింద కాదు, సిగ్గుపడేంత తేలిక. ఇన్వెన్షన్ వాయించే మనిషి ఐదు వేళ్ల పాటలు చదవడమేంటని అనుకోవద్దు. బార్టోక్ 'మైక్రోకాస్మోస్' మొదటి రెండు సంపుటాలతో మొదలుపెట్టండి. 1926కూ 1939కీ మధ్య ఆయన రాసినవి మొత్తం 153 ముక్కలు, ఆరు సంపుటాలు. మొదటి ఆరు ముక్కల్లో రెండు చేతులూ ఒకే రాగం వాయిస్తాయి. అందులో ఒక సుగుణం ఉంది: రాగం చెవి ఊహించిన దారిన పోదు. మామూలు పాటల్లో తర్వాత ఏం వస్తుందో చెవి చెప్పేస్తుంది, కళ్లు కునుకు తీస్తాయి. బార్టోక్ దగ్గర ఆ ఆటలు సాగవు. నిజం చెప్పాలంటే మొదట్లో నాకు గడ్డి నమిలినట్టుండేది. అలా అనిపించిన రోజున డయబెల్లి ఓపస్ (రచన సంఖ్య) 149 తీసేదాన్ని. అవి ఇద్దరు కలిసి వాయించే ముక్కలు, పైభాగం వాయించేవారికి ఒక చేతికి ఐదు స్వరాలకు మించి పనుండదు.

మీకు పక్కన కూర్చునేవారు లేరు కదా, దానికో ఉపాయం ఉంది. కిందిభాగాన్ని ఒకరోజు సాధన చేసి, నింపాదిగా వాయించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి, మొదట్లో రెండు బార్లు నోటితో లెక్కపెట్టి మరీ. వారం తర్వాత ఆ రికార్డింగ్ పెట్టి పైభాగం చదవండి. ఫోన్ మీకోసం ఆగదు. మీరు తప్పినా అది పోతూనే ఉంటుంది, తర్వాతి బార్ దగ్గర ఎక్కాల్సిందే. నా ఆగే అలవాటును వదిలించింది ఇదే, మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) కాదు. మెట్రోనోమ్ టిక్కుటిక్కుమంటుంటే దాన్ని పట్టించుకోకుండా ఆగడం నాకు బాగా చేతనయ్యేది!

ఇక మీరు గీతలు లెక్కపెట్టడం మానాలి. కింది నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టి స్వరం పేరు చెప్పుకుని, ఆ పేరున్న మెట్టు వెతికితే మూడు పనులవుతాయి. గుర్తులుగా మూడు స్వరాలు పట్టుకోండి: ట్రెబుల్ క్లెఫ్ (పైవరుస మొదట్లో ఉండే గుర్తు) చుట్ట తిరిగే గీత జి, బేస్ క్లెఫ్ (కిందివరుస గుర్తు) రెండు చుక్కల మధ్య గీత ఎఫ్, రెండింటికీ మధ్యలో విడి గీత మీద ఉండే మిడిల్ సి. మిగతా స్వరాలకు పేర్లు వద్దు, దూరం చూడండి. గీత మీది నుంచి పక్క ఖాళీలోకి వెళ్తే పక్క మెట్టే. గీత నుంచి తర్వాతి గీతకైతే మధ్యలో ఒక మెట్టు దాటాలి, అంటే మూడో అంతరం. మూడు, ఐదు, ఏడు అంతరాలు ఎప్పుడూ గీత నుంచి గీతకో, ఖాళీ నుంచి ఖాళీకో ఉంటాయి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది మాత్రం గీత నుంచి ఖాళీకి. ఇది నాకు తెలిసేసరికి నాలుగేళ్లు గడిచాయి. అప్పటిదాకా గీత నుంచి గీతకున్న ఏడో అంతరాన్ని చూసి ఆక్టేవ్ (ఎనిమిదో అంతరం) అనుకుని ఎన్నిసార్లు బోల్తా పడ్డానో. ఆక్టేవ్ అయితే ఒక కొస గీత మీద, ఇంకో కొస ఖాళీలో ఉండి తీరాలి.

చూపు సంగతి. కొత్త పేజీలో మీ చూపు చేతులకూ కాగితానికీ మధ్య ఊయల ఊగుతూ ఉంటుంది, కాదనకండి. దిగివచ్చిన ప్రతిసారీ పైకి వెళ్లి చదువుతున్న చోటు వెతుక్కోవాలి, ఆ వెతుకులాటే ఆగడానికి సగం కారణం. నల్లమెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉన్నాయి కదా, వేలికొసలకు అవే ఆనవాళ్లు. రెండు నల్లమెట్లున్న గుంపు మధ్యలోని తెల్లమెట్టు డి. కళ్లు మూసుకుని తడిమి డి పట్టుకోవడం, అక్కడి నుంచి సి, ఎఫ్ పట్టుకోవడం రోజూ రెండు నిమిషాలు చేయండి. నేనైతే రాత్రిపూట గదిలో దీపం ఆర్పేసి, పుస్తకం మీద మాత్రం చిన్న లైటు పడేలా పెట్టుకునేదాన్ని. చేతులు చీకట్లో ఉంటే చూపు కిందికి దిగినా ఏమీ దొరకదు, నాలుగు రోజులకు అదే దిగడం మానేస్తుంది. దూరం దూకాల్సి వస్తే చూడండి, తప్పులేదు. తల వంచకుండా కళ్లు మాత్రం దించండి.

ఆ కళ్లు కాగితం మీద ఎక్కడుండాలి? వేళ్లున్న చోట కాదు, ముందు. 1970లలో జాన్ స్లొబోడా అనే మనోవైజ్ఞానికుడు పియానిస్టులు వాయిస్తుండగా ఎదురుగా ఉన్న నొటేషన్‌ను ఉన్నట్టుండి మాయం చేసి చూశాడు. బాగా చదివేవాళ్లు ఆ తర్వాత కూడా ఆరేడు స్వరాలు సరిగ్గా వాయించారు. తడబడుతూ చదివేవాళ్లు మూడు నాలుగు దగ్గరే ఆగిపోయారు. మీకు ఒంటరిగా దీని అభ్యాసం ఇలా: ఒక బార్ చూడండి, కళ్లు మూసుకోండి, వాయించండి. తర్వాతి బార్ చూడండి, మూసుకోండి, వాయించండి. అలవాటయ్యాక, ముక్కలో పొడవైన స్వరం వచ్చినప్పుడల్లా దాన్ని వేలికి వదిలేసి చూపును ముందుకు పంపండి. రెండు లెక్కల స్వరం మోగుతున్నంతసేపూ దాన్నే చూస్తూ కూర్చోవడం మనందరికీ ఉన్న దురలవాటు.

మొదలుపెట్టే ముందు అర నిమిషం పేజీ చూడండి. ఏబీఆర్ఎస్ఎం అనే బ్రిటిష్ సంగీత పరీక్షల బోర్డు గ్రేడ్ పరీక్షల్లో కూడా ఇచ్చేది అంతే. ఆ అర నిమిషంలో ముక్కను వాయించి చూసుకోనిస్తారు, కానీ చాలామంది అన్నిటికంటే తేలికైన మొదటి రెండు బార్లు వాయించి సమయం అవగొడతారు. మీరు కష్టమైన బార్ ఎక్కడుందో వెతకండి. అది ఏ వేగంతో వస్తుందో ముక్కంతా ఆ వేగమే. తాళం అనుమానంగా ఉంటే మెట్ల జోలికి పోకుండా, పైవరుసను కుడి మోకాలి మీద, కిందివరుసను ఎడమ మోకాలి మీద తట్టండి. నాలుగు స్వరాల కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) వస్తే పైదీ కిందదీ పట్టుకుని మధ్యవి వదిలేయండి. స్వరాలు వదలడం తప్పనిపిస్తుంది. తాళం వదలడం అంతకంటే పెద్ద తప్పు.

మళ్లీ ఆ కోయిర్ దగ్గరికి నేను వెళ్లింది తొమ్మిది నెలల తర్వాత. అప్పటికీ తప్పులు దొర్లాయి, కానీ వాళ్లతోపాటే చివరి బార్‌కు చేరాను. మాస్టారు ఏమీ అనలేదు, ఇంకో కాగితం పెట్టారు.

ప్రశ్న: మెట్ల మీద సి, డి, ఇ అని స్టిక్కర్లు అతికించుకున్నాను. రెండు నెలలైంది. ఎప్పుడు తీసేయాలి?

జవాబు: ఈ పేజీ చదవడం అయ్యాక. స్టిక్కర్ ఉన్నంతకాలం చూపు కిందికే లాగుతుంది. పైగా అక్షరం మెట్టు మీదుంటుంది కానీ కాగితం మీద ఉండదు కదా. బెంగగా ఉంటే ఒక్క మిడిల్ సి మీద ఉంచుకోండి, వారం రోజులు.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. చిత్రంగా నా కీబోర్డుకూ 61 మెట్లే. మెట్ల మీద రంగు గీతలు జారిపడే వీడియోలు చూసి బీథోవెన్ 'మూన్‌లైట్ సొనాటా' మొదటి పేజీ నేర్చుకున్నాను. ఇప్పుడు నొటేషన్ నేర్చుకోవడం అవసరమా? ఇంకో సంగతి, వీడియోలో ఎడమచేయి వెళ్లేంత కిందికి నా కీబోర్డు వెళ్లడం లేదు.

జవాబు: రెండోది ముందు చెప్తాను, ఎందుకంటే అది మీ తప్పు కాదు. ఆ ముక్కలో ఎడమచేతి ఆక్టేవ్ రెండో బార్‌లోనే కింది బి మీదికి దిగుతుంది. మామూలు 61 మెట్ల కీబోర్డు దానికి ఒక్క మెట్టు పైన, సి దగ్గర మొదలవుతుంది. తమాషా ఏంటంటే, బీథోవెన్ ఈ సొనాటా రాసిన 1801 నాటి పియానోలు చాలావాటికి ఉన్నవీ ఐదు ఆక్టేవులే, అంటే మీ 61 మెట్లే. కాకపోతే అవి ఇంకా కిందున్న ఎఫ్ దగ్గర మొదలయ్యేవి. లెక్క సరిపోయింది, మొదలు సరిపోలేదు. ప్రస్తుతానికి ఆక్టేవ్‌లో పైస్వరం ఒక్కటే వాయించుకోండి. ముందుముందు మార్చే ఉద్దేశం ఉంటే 88 మెట్లు, బరువున్న మెట్లు ఉన్న డిజిటల్ పియానో చూడండి. మెట్ల సంఖ్య కంటే బరువు ముఖ్యం. మెత్తగా, గట్టిగా నొక్కడంలో తేడా వేళ్లకు తెలిసేది దానివల్లే.

నొటేషన్ అవసరమా అంటే, ఆ ఒక్క పేజీతో తృప్తి పడితే అవసరం లేదు. ఆ వీడియోలో ఏ మెట్టు, ఎప్పుడు అన్నది తెలుస్తుంది. ఏ వేలు, ఏ గొంతు పైకి వినపడాలి, వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నవి కాగితం మీదే ఉంటాయి. కానీ దయచేసి మూన్‌లైట్‌తో నొటేషన్ నేర్చుకోవద్దు. నాలుగు షార్ప్‌ల (స్వరాన్ని కాస్త పెంచే గుర్తుల) కీ సిగ్నేచర్ (వరుస మొదట్లో ఉండే గుర్తుల జాబితా), దారిలో డబుల్ షార్ప్‌లు కూడా తగులుతాయి. దాన్ని వేళ్లతో వాయిస్తూ ఆనందించండి. చదవడానికి మాత్రం పై జవాబులోని తేలిక పుస్తకాలు. రెండూ పక్కపక్కన నడిపిస్తే ఏ గొడవా లేదు. వయసు గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను.

ప్రశ్న: హానన్ అభ్యాసాలు రోజూ వాయిస్తే సైట్ రీడింగ్ వస్తుందా?

జవాబు: రాదు. 1873లో వచ్చిన ఆ పుస్తకంలో 60 అభ్యాసాలున్నాయి. మొదటివి చూడండి: ఒక బార్ చదివితే చాలు, పైకి పోయినంతసేపూ అదే బొమ్మ ఒక్కో మెట్టు ఎక్కడమే; దిగేటప్పుడు ఇంకో బొమ్మ, అదీ అంతే. వేళ్ల సంగతి వేరే చర్చ. కళ్లకు మాత్రం అందులో పని లేదు.

ప్రశ్న: నేను చాలా నెమ్మదిగా చదువుతాను. క్లెమెంటి ఓపస్ 36లో మొదటి సొనాటినా మొదలుపెట్టాను. పాట జి మేజర్‌లోకి (ఎఫ్‌కు షార్ప్ ఉండాల్సిన స్కేల్‌లోకి) వెళ్లిన చోట ఒక ఎఫ్‌కు షార్ప్ లేదు. ఉన్నది ఉన్నట్టు వాయిస్తే చెవికి ఎబ్బెట్టుగా ఉంది. అచ్చుతప్పా, నాకే చదవడం రాలేదా?

జవాబు: ముందు ఒకటి చూడండి. అదే బార్‌లో, అదే ఎత్తులో అంతకుముందు ఎఫ్‌కు షార్ప్ వేసి ఉందా? ఉంటే ఆ షార్ప్ బార్ గీత వచ్చేవరకు చెల్లుతుంది, మళ్లీ వేయరు. బార్ గీత దాటిందంటే చెల్లదు, మళ్లీ వేయాలి. ఇలా చూశాక కూడా షార్ప్ లేదని తేలితే ఇంకో ప్రచురణ తెచ్చి పక్కన పెట్టి పోల్చండి. ఆ సొనాటినాలు 1797 నాటివి, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, వేరే ప్రతి దొరకడం కష్టం కాదు.

నెమ్మదిగా చదువుతాననే దిగులు కాసేపు పక్కన పెట్టి ఈ కథ వినండి. బోరిస్ గోల్డోవ్‌స్కీ అనే పియానిస్టు దగ్గర రీడింగ్ అంతంతమాత్రంగా వచ్చిన ఒక శిష్యురాలు బ్రామ్స్ ఓపస్ 76లో రెండో ముక్క వాయిస్తోంది. ఒకచోట తప్పు స్వరం పలికింది. ఆయన ఆపి, సరిచేయమన్నారు. ఆమె అయోమయంగా చూసింది, కాగితం మీద ఉన్నదే వాయించానంది. చూస్తే నిజమే! సి షార్ప్ మేజర్ కార్డ్‌లో జి షార్ప్ ఉండాల్సిన చోట ఉత్త జి అచ్చయింది. ఆయనకు సరదా పుట్టి, చేయి తిరిగిన వాద్యకారుల ముందు అదే పేజీ పెట్టారు. ఇందులో ఒక అచ్చుతప్పు ఉంది, ఎన్నిసార్లయినా వాయించి పట్టుకోండి అన్నారు. ఒక్కరూ పట్టుకోలేదు. అందరూ అక్కడ ఉండాల్సిన స్వరమే వాయించుకుంటూ పోయారు. ఫలానా బార్ అని చెప్పాకే చాలామందికి కనబడింది.

కాబట్టి మీ ఎఫ్ సంగతి తేలేవరకు దాన్ని పెన్సిల్‌తో చుట్టిపెట్టండి. బార్ నంబరు, ప్రచురణ వివరం నాకు రాయండి. ఆ సొనాటినా నేనూ ఏళ్ల తరబడి వాయిస్తున్నదే. నా ప్రతిలోనూ అలాగే ఉందేమో చూసుకోవాలి.